డీబీఎస్ కంటే ముందు ఒక ఖాతా పుస్తకం

మాది జనగామలో కిరాణా దుకాణం. నాన్న జబ్బు మాకు మొదట కనిపించింది పొట్లంలో. అర కిలో చక్కెర పేపర్‌లో పోసి, మడిచి, దారం చుట్టి పుటుక్కున తెంపే మనిషి, ఆ ముడి దగ్గరే ఆగిపోసాగాడు. పద్దులో అక్షరాలు చీమల్లా చిన్నవైపోయాయి. పార్కిన్‌సన్స్ అన్నారు. ఏడేళ్లు మాత్రలతో నెట్టుకొచ్చి, ఆ తర్వాత డీబీఎస్ చేయించాం. మెదడు లోపలికి సన్నని తీగలు దించి, ఛాతీలో పెట్టిన బ్యాటరీతో కరెంటు ఇచ్చే ఆపరేషన్ అది. ఇప్పుడు ఎవరింట్లో ఆ మాట వచ్చినా నాకు ఫోన్ చేస్తున్నారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఆస్పత్రులు వెతికే ముందు ఒక పుస్తకం పెట్టండి. కనీసం రెండు వారాలు రాయండి: మాత్ర ఎన్నింటికి వేశారు, ఎన్నింటికి ఎక్కింది, ఎప్పుడు దిగిపోయింది, ఒళ్లు దానంతటదే ఊగడం ఎప్పుడు మొదలైంది, ఏం తిన్నారు. మా నాన్న పాత ఖాతా పుస్తకం తీసి, బాగున్న గంటలు జమలో, బిగుసుకుపోయిన గంటలు ఖర్చులో రాయించాడు. మొదటి వారంలోనే ఒక సంగతి బయటపడింది. పప్పు, పెరుగుతో కడుపు నిండా తిన్నాక వేసిన మధ్యాహ్నం మాత్ర సరిగా ఎక్కడం లేదు. ఆ మాత్రలో ఉండే అసలు మందు లీవోడోపా, దానికి ప్రోటీన్ అడ్డుపడుతుందట. డాక్టర్‌ను అడిగి, అన్నానికి అరగంట ముందు వేస్తే ఒక గంట జమలోకి వచ్చింది.

ఈ పుస్తకం మీద నాకు ఇంత పట్టుదల ఎందుకంటే, డీబీఎస్ కొత్త శక్తినేమీ ఇవ్వదు. మాత్ర బాగా ఎక్కినప్పుడు మనిషి ఎలా ఉంటాడో, దాదాపు అలా రోజులో ఎక్కువసేపు ఉంచుతుంది. బాగున్న గంటలో కూడా తూలి పడిపోతుంటే, ఆపరేషన్ తర్వాత ఆ పడటం ఆగుతుందని ఆశ పెట్టుకోవద్దు. గొంతు తగ్గిపోవడం, మతిమరుపు కూడా అంతే. వణుకు ఒక్కటే దీనికి మినహాయింపు, మాత్రకు లొంగని వణుకు కూడా చాలామందికి తగ్గుతుంది. మతిమరుపు బాగా ముదిరినవాళ్లకు, పార్కిన్‌సన్స్‌లా కనిపించే వేరే జబ్బులున్నవాళ్లకు మామూలుగా ఈ ఆపరేషన్ చేయరు.

ఆస్పత్రిలో ఇదే లెక్క ఇంకో రకంగా తీస్తారు. రాత్రి నుంచి మాత్రలు ఆపించి, పొద్దున నడిపించి, వేళ్లు ఆడించి మార్కులు వేస్తారు. తర్వాత మందు ఇచ్చి మళ్లీ చూస్తారు. తేడా బాగా ఉంటేనే ముందుకు వెళ్తారు. ఆ పొద్దున మనిషి మంచం మీద పక్కకు కూడా తిరగలేడు, ఇద్దరు తోడుండండి. అన్నట్టు, ఎవరో చెప్పారని దురదగొండి గింజల పొడి వాడుతుంటే దాచకండి. అందులో ఉండేది లీవోడోపానే, చెప్పకపోతే పరీక్ష లెక్క తప్పుతుంది.

"ఇది కొత్తదా, మన మీద ప్రయోగమా?" అని అమ్మ అడిగింది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనబీద్ అనే డాక్టర్ 1987లోనే మొదలుపెట్టాడని చెప్పాను. అయినా రిస్కు లేదనుకోవద్దు. మెదడులో రక్తస్రావం, ఇన్ఫెక్షన్ తక్కువమందికే అయినా వస్తాయి. ఆ ఆస్పత్రిలో ఎందరికి వచ్చాయో మొహమాటం లేకుండా అడగండి.

ఆపరేషన్ రోజు తలకు మత్తు సూదులు వేసి ఫ్రేమ్ బిగించారు. చాలాచోట్ల తీగ పెట్టేటప్పుడు మనిషిని మెలకువగానే ఉంచుతారు, చెయ్యి మూయి, తెరువు అంటూ. మెదడు కణాల చప్పుడు స్పీకర్‌లో వినిపిస్తుంది, రేడియో స్టేషన్ కలవనప్పటి గరగరలాగా. బయటికొచ్చాక నాన్న అన్న మొదటి మాట: "తలకాయల బోరేసిండ్రురా. చప్పుడు చూస్తే నీళ్లు పడ్డట్టే ఉన్నది." ఇంటి నుంచి ముందు గుండీలున్న చొక్కాలే తీసుకెళ్లండి. ఛాతీ మీద కుట్లుంటాయి, బనియన్ తల మీదుగా వేయలేరు.

మేం పప్పులో కాలేసింది ఆ తర్వాత. మూడో రోజు కరెంటు ఇంకా ఆన్ చేయకుండానే వణుకు ఆగింది. అమ్మ వార్డంతా స్వీట్లు పంచింది. పదో రోజుకు వణుకు మళ్లీ వచ్చింది, ఇంట్లో ఏడుపులు. తీగ దిగినచోట వాపు వల్ల కొన్నాళ్లు అలా తగ్గినట్టుంటుందని మాకెవరూ ముందు చెప్పలేదు. మీకు ఇప్పుడు తెలిసింది కాబట్టి స్వీట్లకు తొందరపడకండి.

అసలు పని నాలుగు వారాల తర్వాత, ప్రోగ్రామింగ్‌తో మొదలైంది. కరెంటు కొంచెం కొంచెం పెంచుతూ చూస్తారు. మాట ముద్దగా వచ్చినా, మూతి లాగినా, వేళ్లలో తిమ్మిరి నిలిచిపోయినా అక్కడే చెప్పేయండి. ఒక్కసారికి కుదరదు, మాకు కుదురుకోవడానికి ఐదు నెలలు, ఆరు ట్రిప్పులు పట్టింది. అందుకే ఆస్పత్రి ఎంచుకునేటప్పుడు సర్జన్ పేరుతో పాటు ప్రోగ్రామింగ్ ఎవరు చేస్తారు, ఎన్ని రోజులకు టైమ్ దొరుకుతుంది అని కూడా అడగండి. మాత్రలు మీ అంతట మీరు తగ్గించొద్దు. త్వరగా తగ్గిస్తే కొందరికి దేని మీదా ఆసక్తి ఉండదు. నాన్న ఒక నెల దుకాణం వైపే చూడలేదు. డోసు కొంచెం పెంచాక గల్లా పెట్టె దగ్గరికి తనే వచ్చి కూర్చున్నాడు.

బ్యాటరీ సంగతి డబ్బు కట్టకముందే తేల్చుకోండి. మామూలుది మూడు నుంచి ఐదేళ్లు వస్తుంది, తర్వాత మళ్లీ చిన్న ఆపరేషన్, మళ్లీ లక్షల్లో ఖర్చు. ఛార్జింగ్‌ది చాలా ఏళ్లు వస్తుంది గానీ గుర్తుపెట్టుకుని ఛార్జ్ చేసే మనిషి ఇంట్లో ఉండాలి. డివైస్ కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి. ఎమ్మారై అన్నా, ఇంకే ఆపరేషన్ అన్నా ముందు అది చూపించాలి. ఫిజియోథెరపీలో డయాథర్మీ అనే వేడి చికిత్స మాత్రం అసలు పెట్టించుకోకూడదు, తీగ చివర వేడెక్కి మెదడు దెబ్బతింటుంది. మా దగ్గర ఆ కార్డు జిరాక్స్ ఒకటి గల్లా పెట్టెలో, ఇంకోటి ఖాతా పుస్తకం అట్టకు అంటించి ఉన్నాయి.