చిన్నపిల్లల టీచర్‌గా చేరబోయే మగవాళ్లకి

కిండర్‌గార్టెన్ మొదలుపెట్టిందే ఫ్రోబెల్ అనే మగాయన, 1837లో, కానీ ఇప్పుడు చాలా దేశాల్లో ఈ పనిలో నూటికి ఐదుగురు మగవాళ్లు కూడా ఉండరు, అందుకే చేరగానే అందరి కళ్లూ మీ మీదే ఉంటాయి.

చేరేముందే డైపర్ మార్చడం, టాయిలెట్‌కి తీసుకెళ్లడం గురించి రాతపూర్వక రూల్స్ అడగండి. అవి ఆడా మగా స్టాఫ్ అందరికీ ఒకటే ఉండాలి, మీకొక్కరికే వేరే రూల్ పెడితే అది జాగ్రత్త కాదు, అనుమానం, ఆ మాట హెడ్‌తో మర్యాదగానే చెప్పేయండి. తలుపు తీసి ఉంచడం, పక్కవాళ్లకి చెప్పి వెళ్లడం మాత్రం ఎవరికైనా మంచిదే.

ఏడ్చే పిల్లాడిని దూరం పెట్టకండి ప్లీజ్. మోకాళ్ల మీద కూర్చుని వాడి కళ్ల ఎత్తుకి వచ్చి, గొంతు తగ్గించి, "ఎత్తుకోనా?" అని అడగండి, వాడు చేతులు చాపితే ఎత్తుకోండి, లేదంటే పక్కనే కూర్చోండి చాలు.

ఇంకోటి, బరువులు మోయడం, అల్లరి పిల్లల్ని భయపెట్టడం మీకే అంటగడతారు, ఒప్పుకోకండి, కథలు చెప్పడం, నిద్రపుచ్చడం, బొమ్మలాట కూడా అడిగి తీసుకోండి.

పేరెంట్స్‌తో మొదటి వారంలోనే మీరే వెళ్లి పరిచయం చేసుకోండి, రోజూ సాయంత్రం వాళ్ల బిడ్డ ఏం చేశాడో ఒక్క ముక్క చెప్పండి.