చిన్న 9 ఎం.ఎం. పిస్టల్ మొరాయిస్తోందా? అమ్మేసే ముందు చూడాల్సినవి (సమస్య - పరిష్కారం)

అమెరికాలో రోజూ నడుముకి పెట్టుకు తిరగడానికి కొనే పిస్టళ్లలో తొందరగా చెడ్డపేరు మోసేవి చిన్నవే. గ్లాక్ 43, సిగ్ పీ365, స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్, స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్ లాంటివి. "జామ్ అవుతోంది", "గురి తప్పుతోంది", "చెయ్యి నొప్పి పుడుతోంది" అని మూడు ఫిర్యాదులు వస్తే చాలు, పిస్టల్ అమ్మకానికి వెళ్తుంది. ఆ ఫిర్యాదులు అబద్ధం కావు. కానీ వాటి కారణం పిస్టల్‌లోనే ఉందో, మ్యాగజైన్‌లోనో (తూటాలు నింపే డబ్బా), తూటాలోనో, పట్టులోనో, హోల్‌స్టర్‌లోనో (పిస్టల్ పెట్టుకునే ఒర) తేల్చకుండా అభిప్రాయం ఖాయం చేసుకుంటే, తర్వాత కొన్నదానిలోనూ అవే ఫిర్యాదులు వస్తాయి.

ముందు చట్టం సంగతి. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీనే కాదు, తూటాలు దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ నేరమే. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కొనవచ్చు. డీలర్ దగ్గర పిస్టల్ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. వెంట తీసుకెళ్లే నియమాలు రాష్ట్రానికో రకం. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి అర్హులకు పర్మిట్ లేకుండానే వీలుంది. అదే పిస్టల్‌తో రాష్ట్రం సరిహద్దు దాటితే లెక్క మారిపోవచ్చు.

ఇక్కడ చెప్పే ప్రతి పరీక్షకీ ముందు: మ్యాగజైన్ తియ్యాలి, స్లయిడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం) వెనక్కి లాగి ఛాంబర్‌ని (బారెల్ వెనక తూటా కూర్చునే చోటు) కంటితో చూడాలి, వేలితో తడిమి చూడాలి. వరుస ముఖ్యం. మొదట స్లయిడ్ లాగి మ్యాగజైన్ తర్వాత తీస్తే, స్లయిడ్ మూసుకునేటప్పుడు మరో తూటా లోపలికెళ్లి కూర్చుంటుంది.

ఖాళీ కేస్ బయటికి పోకుండా స్లయిడ్‌లో నిలువుగా ఇరుక్కుంటోంది

చిన్న పిస్టల్ మీద ఎక్కువగా వినబడే ఫిర్యాదు ఇదే. కారణం అర్థం కావాలంటే లోపల జరిగేది తెలియాలి. పేలగానే స్లయిడ్ వెనక్కి వెళ్లి, ఖాళీ కేస్‌ని (పేలిన తూటా తొడుగు) ఎజెక్టర్‌కి (దాన్ని బయటికి నెట్టే కొన) కొట్టి బయటికి విసరాలి. ఈ పనికి పిడి కదలకుండా నిలబడాలి. మణికట్టు వదులుగా ఉంటే పిడి కూడా స్లయిడ్‌తోపాటే వెనక్కి వస్తుంది. పరుపు మీద పెట్టి మేకు కొడితే దెబ్బ సగం పరుపే మింగేసినట్టు, స్లయిడ్ వేగంలో కొంత మీ చెయ్యే మింగేస్తుంది. పెద్ద ఉక్కు పిస్టల్ తన బరువుతోనే నిలబడుతుంది. పీ365 ఖాళీగా 17.8 ఔన్సులే. బారెల్ 3.1 అంగుళాలు, స్లయిడ్ దారి పొట్టి, స్ప్రింగ్ గట్టి. దాంట్లో తప్పుకి చోటు తక్కువ.

తేల్చే పద్ధతి తేలికే. అదే పిస్టల్, అదే మ్యాగజైన్, అదే పెట్టెలోని తూటాలు అనుభవమున్న మరొకరికి ఇచ్చి 20 రౌండ్లు కాల్పించండి. వాళ్ల చేతిలో సజావుగా నడిచి మీ చేతిలో ఇరుక్కుంటే కారణం పట్టే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పిడి వెనక వంపు కిందికి, ఎంత పైకి పోతే అంత పైకి పోవాలి. రెండో చెయ్యి అరచేతి మడమ, పిడి ఎడమ పక్క మిగిలిన ఖాళీని పూర్తిగా నింపాలి. మణికట్లు బిగించి ఉంచాలి. చూపుడువేలు మాత్రం బిగుసుకోకూడదు. ఇక్కడే చాలామంది తడబడతారు.

వాళ్ల చేతిలోనూ ఇరుక్కుంటే తూటా మార్చండి. చవక 115 గ్రెయిన్ (తూటా ముక్కు బరువు కొలత) ప్రాక్టీస్ రకాల్లో కొన్ని బలం తక్కువగా ఉంటాయి. కొత్త పిస్టల్ గట్టి స్ప్రింగ్‌ని అవి పూర్తిగా నొక్కలేవు. 124 గ్రెయిన్‌తో 50 రౌండ్లు కాల్చి చూడండి. కొత్త పిస్టల్‌కి మొదటి 200 రౌండ్లు అలవాటు పడే కాలంగా తీసుకోవాలి. ఆ లోపల వచ్చిన ఒకటి రెండు జామ్‌లు చూసి తీర్పు చెప్పకూడదు.

ఇంకా తీరకపోతే ఎక్స్‌ట్రాక్టర్ (ఛాంబర్ నుంచి కేస్‌ని లాగే) కొక్కెం కింద చూడండి. అక్కడ మసి, ఇత్తడి పొడి పేరుకుంటే కేస్ అంచు మీద పట్టు జారుతుంది. పాత టూత్‌బ్రష్‌తో, చెక్క పుల్లతో గీకి తుడవాలి. కొక్కెం అంచు విరిగి ఉంటే అది భాగం మార్చాల్సిన పని.

తూటా ముక్కు ఫీడ్ ర్యాంప్‌కి (తూటాని ఛాంబర్‌లోకి ఎక్కించే వాలు) కొట్టుకుని ఆగిపోతోంది

ముందుగా మ్యాగజైన్‌నే అనుమానించండి. మీ దగ్గరున్న మ్యాగజైన్ల అడుగున పెయింట్ మార్కర్‌తో 1, 2, 3 అని రాసి పెట్టండి. ఆగిన ప్రతిసారీ ఏ నంబరు, ఎన్నో తూటా, ఏ రకం అని ఫోన్‌లో ఒక ముక్క రాసుకోండి. ఫిర్యాదు ఒక్క నంబరు వెంటే తిరుగుతుంటే పిస్టల్ నిర్దోషి.

నిండు మ్యాగజైన్‌లో మొదటి తూటాయే ఆగుతోందంటే, స్లయిడ్ మూసి ఉండగా మ్యాగజైన్ పూర్తిగా ఎక్కలేదన్నమాట. 10 తూటాలు నిండితే స్ప్రింగ్ అణిగి, పై తూటా స్లయిడ్ అడుగుని ఒత్తుతుంది. అరచేత్తో చరిచి ఎక్కించి, క్లిక్ వినబడ్డాక ఒకసారి కిందికి లాగి చూడాలి. చివరి రెండు మూడు తూటాల దగ్గరే ఆగుతోందంటే స్ప్రింగ్ అలిసిపోయినట్టు, కొత్తది వేయడమే. అడుగు ప్లేట్ తీసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, స్ప్రింగ్ ఎగిరొస్తుంది. లోపల పొడిగుడ్డతో తుడవండి, నూనె వద్దు. మ్యాగజైన్‌లో నూనె దుమ్ముని పడుతుంది, ప్రైమర్లకీ (తూటా అడుగున మందుని అంటించే చిన్న మూతలు) అంటుతుంది.

గుండు మొన ప్రాక్టీస్ తూటాలు బాగా నడిచి, వెంట పెట్టుకునే హాలో పాయింట్లు (మొనలో గుంట ఉన్న తూటాలు) మాత్రం ఆగుతున్నాయా? ఇది నిజంగా పిస్టల్‌కీ తూటా ఆకారానికీ పడకపోవడమే. మరో రకం హాలో పాయింట్ తెచ్చి చూడండి. ఫీడ్ ర్యాంప్‌ని ఇసుక కాగితంతో రుద్దే పని సొంతంగా చేయకండి. కోణం మారితే బారెల్ పోయినట్టే. ఏ రకమైనా 100 రౌండ్లు ఆగకుండా నడవనిదే వెంట పెట్టుకోకూడదు. ఖర్చే, కానీ తప్పదు.

స్లయిడ్ పూర్తిగా మూసుకోకుండా 2, 3 మిల్లీమీటర్ల దూరంలో నిలుస్తోంది

స్లయిడ్‌ని చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకి దించడం వల్ల ఇలా జరుగుతుంది. పూర్తిగా వెనక్కి లాగి ఒక్కసారిగా వదిలేయాలి. అలా వదిలినా నిలిస్తే బారెల్ విడదీసి, తూటాని ఛాంబర్‌లోకి వదలండి. టక్కున పడి, వేలితో తిప్పితే తిరగాలి, బోర్లిస్తే జారి రావాలి. పట్టేస్తే ఛాంబర్‌లో మసి ఉన్నట్టు, లేదా ఆ తూటా కొలత తేడా. రెండూ బాగుంటే రీకాయిల్ స్ప్రింగ్ (స్లయిడ్‌ని తిరిగి ముందుకి తోసేది) మార్చే సమయం వచ్చిందేమో మాన్యువల్‌లో చూడండి. చిన్న పిస్టళ్ల స్ప్రింగ్ పెద్దవాటికన్నా చాలా ముందే అలిసిపోతుంది.

చివరి తూటా అయినా స్లయిడ్ తెరుచుకుని నిలవట్లేదు

ఎక్కువసార్లు మీ బొటనవేలే కారణం. చిన్న పిడి మీద చోటు చాలక అది స్లయిడ్ స్టాప్ (స్లయిడ్‌ని తెరిచి నిలిపే మీట) మీద కూర్చుంటుంది. మ్యాగజైన్‌లో ఒక్క తూటా వేసి, బొటనవేళ్లు రెండూ దూరంగా పెట్టి ఐదుసార్లు కాల్చండి. ఐదుసార్లూ స్లయిడ్ నిలిస్తే మరమ్మతు పిస్టల్‌కి కాదు. తూటాలు మిగిలుండగానే స్లయిడ్ నిలిచిపోవడం దీనికి తిరగేసిన సమస్య. రెండో చేతి బొటనవేలు స్టాప్‌ని కింది నుంచి పైకి నెడుతోందన్నమాట.

ట్రిగ్గర్ నొక్కితే క్లిక్‌మంది, పేలలేదు

తుపాకీ మొన లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలు అరుదే అయినా ఉన్నాయి. తర్వాత తూటా తీసి ప్రైమర్ చూడండి. గుంట లోతుగా ఉంటే తూటాది తప్పు. గుంట పలుచగా ఉంటే స్ట్రైకర్ (ప్రైమర్‌ని కొట్టే సూది) దెబ్బ చాలలేదు. స్ట్రైకర్ గొట్టంలోకి నూనె పోయడం దీనికి తరచూ కనిపించే కారణం. నూనె మసితో కలిసి బంకయి, స్ట్రైకర్‌ని నెమ్మది చేస్తుంది. అక్కడ పొడిగా ఉండాలి. గ్లాక్ లాంటి పిస్టల్‌కి మొత్తం నాలుగైదు చుక్కలు చాలు: స్లయిడ్ పట్టాల మీద, బారెల్ మీద, ట్రిగ్గర్ బార్ కనెక్టర్‌ని తాకే మూలలో. నూనె కారుతుంటే ఎక్కువైనట్టే. గుంటే లేకపోతే స్లయిడ్ పూర్తిగా మూసుకోలేదేమో చూడండి. స్లయిడ్ మూసుకోని సమస్యకి పైన చెప్పిన పరీక్షకి వెళ్లండి.

దెబ్బలు కిందికీ ఎడమకీ పడుతున్నాయి (కుడిచేతి వాటం వాళ్లకి)

వెంటనే సైట్ జరపకండి. ముందు డమ్మీ తూటాల పరీక్ష. తోడు ఉన్నవాళ్లని మ్యాగజైన్‌లో రెండు మూడు డమ్మీలు మీకు తెలియకుండా కలిపి ఇమ్మనండి. డమ్మీ వచ్చినప్పుడు పేలుడు ఉండదు కాబట్టి మొన కదలకూడదు. అది కిందికి దూకితే, రాబోయే ఎదురుదెబ్బని కాచుకోవడానికి మీ చెయ్యి ముందే తోస్తోంది. ఈ అలవాటు రేంజ్‌లో (కాల్పుల సాధన చోటు) డబ్బు తగలేస్తే పోదు, ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో పోతుంది. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, గోడకి ఒక చుక్క పెట్టి, ముందు సైట్ కదలకుండా ట్రిగ్గర్ నొక్కడం రోజూ పది నిమిషాలు. వెనక గోడ అవతల మనుషులు లేని దిక్కు చూసుకోండి. అపార్ట్‌మెంట్లలో ఇది పెద్ద విషయం.

మొన కదలట్లేదు, అయినా పక్కకి పడుతున్నాయంటే ఇసుక సంచి మీద ఆనించి 7 గజాల నుంచి ఐదు కాల్చండి. గుంపు ఒకే చోట బిగుతుగా పడితే అప్పుడు సైట్ జరపాలి. ఎంత జరపాలో లెక్క ఉంది: తప్పిన దూరాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో హెచ్చించి, లక్ష్యం దూరంతో భాగించాలి. 2 అంగుళాలు తప్పి, సైట్ల మధ్య 5 అంగుళాలుంటే, 7 గజాలు అంటే 252 అంగుళాలు కాబట్టి 0.04 అంగుళం. సుమారు ఒక మిల్లీమీటరు. దెబ్బ ఎటు జరగాలో వెనక సైట్‌ని అటే జరపాలి.

50 రౌండ్లకే చెయ్యి నొప్పి, కాల్చబుద్ధి కావట్లేదు

ఇక్కడ నిజంగా అభిప్రాయం మార్చుకోవాల్సింది పిస్టల్ మీద కాదు, "ఎంత చిన్నదైతే అంత మేలు" అన్న నమ్మకం మీద. చిన్నది మొయ్యడానికి సుఖం, కాల్చడానికి కష్టం. కాల్చబుద్ధి కాని పిస్టల్‌తో సాధన ఉండదు. 2015లో వచ్చిన గ్లాక్ 43 మ్యాగజైన్‌లో 6 తూటాలే. 2018లో పీ365 దాదాపు అంతే ఒడ్డూ పొడవులో 10 పట్టించి ఆ లెక్క మార్చేసింది. చిటికెనవేలు కిందికి వేలాడుతుంటే పొడుగు అడుగు ప్లేట్, లేదా 43 బదులు 2019లో వచ్చిన 43ఎక్స్ చూడండి. పిడి పూర్తిగా చేతికి వస్తుంది. స్లయిడ్ లాగడమే కష్టమైతే స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్ ఈజీ ఉంది.

"నొప్పి భరిస్తే దెబ్బ గట్టిగా పడుతుంది కదా" అని పాయింట్ 45 (ఇంకా లావు తూటా) వైపు చూసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎఫ్‌బీఐ శిక్షణ విభాగం 2014లోనే 9 ఎం.ఎం. వైపు మొగ్గింది. ఇప్పటి హాలో పాయింట్లలో గాయం తేడా నామమాత్రం, ఎదురుదెబ్బ తక్కువ, గురి తొందరగా కుదురుతుంది, తూటాలు ఎక్కువ పడతాయి అన్నది వాదన.

రివాల్వర్‌కి మారితే జామ్ గొడవ ఉండదనుకోవడం సగమే నిజం. స్మిత్ అండ్ వెస్సన్ 642లో 5 తూటాలు, ట్రిగ్గర్ నొక్కడానికి సుమారు 12 పౌండ్ల బలం కావాలి. కాలని మందు రవ్వలు ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం కింద చేరితే సిలిండర్ మూసుకోదు, తిరగదు. దాన్ని రేంజ్‌లో అప్పటికప్పుడు బాగుచేయడం పిస్టల్ జామ్ తీయడం కన్నా కష్టం.

చొక్కా మీద ఉబ్బుగా కనిపిస్తోంది, కూర్చుంటే గుచ్చుకుంటోంది

బయటికి కనిపించేది పిడి, బారెల్ కాదు. అందుకని ఇంకా పొట్టి బారెల్ కొంటే ఫలితం ఉండదు. నిజానికి కొంచెం పొడుగు స్లయిడ్ నడుం ముందు నిలకడగా నిలుస్తుంది. పిడిని ఒంటివైపు తిప్పే క్లా ఉన్న కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్, వంగని బెల్ట్. ఈ రెండూ మార్చి చూశాకే పిస్టల్ మార్చే ఆలోచన. మెత్తటి గుడ్డ హోల్‌స్టర్ వద్దు. తీయగానే నోరు మూసుకుపోతుంది, తిరిగి పెట్టేటప్పుడు ట్రిగ్గర్ గార్డ్ లోకి అంచు దూరుతుంది. చొక్కా కొస, జాకెట్ తాడు దూరినా అంతే. తిరిగి పెట్టడంలో తొందర అక్కర్లేదు, కళ్లతో చూస్తూ పెట్టండి.

వెంట ఉన్న తూటా పొట్టిగా కనిపిస్తోంది

రోజూ రాత్రి తీసి పొద్దున మళ్లీ అదే తూటాని ఛాంబర్‌లోకి ఎక్కిస్తే, సీసం ముక్క కేస్ లోపలికి దిగుతుంది. లోపల చోటు తగ్గి పీడనం పెరుగుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి పోల్చండి. తేడా కనిపిస్తే పక్కన పెట్టేయండి, కాల్చకండి. అసలు తీయడం పెట్టడం తగ్గించి, పిస్టల్‌ని హోల్‌స్టర్‌తో సహా లాక్ పెట్టెలో పెట్టడం మేలు.

హ్యూస్టన్ లాంటి ఉక్కపోత ఊళ్లలో సైట్లకీ స్క్రూలకీ తుప్పు వేసవిలో తొందరగా మొదలవుతుంది. వారానికోసారి నూనె గుడ్డతో పైపైన తుడిస్తే చాలు.

రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగుని ఎప్పుడూ ఇండియా ప్రయాణానికి వాడకండి. మూల జేబులో మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కి చిక్కితే ఆయుధాల చట్టం, 1959 కింద కేసు దాకా వెళ్తుంది.

అన్నీ చూశాక కూడా తీరకపోతే

మూడు మ్యాగజైన్లు, రెండు రకాల తూటాలు, ఇద్దరి చేతులు మార్చినా అదే చోట ఆగుతుంటే తప్పు పిస్టల్‌దే. ముందు తయారీదారు సైట్‌లో సీరియల్ నంబరు కొట్టి రీకాల్ ఉందేమో చూడండి. రూగర్ 2008లో ఎల్‌సీపీని, పడితే పేలే అవకాశం ఉందని వెనక్కి పిలిచింది. సిగ్ 2017 ఆగస్టులో పీ320కి ఇలాంటి కారణంతోనే ఉచిత మార్పు ప్రకటించింది. పాతది కొన్నవాళ్లు ఈ పని మొదటిరోజే చేయాలి.

రీకాల్ లేకపోతే ఫోన్ చేసి, మీరు రాసుకున్న ముక్కలు చదివి వినిపించండి. "జామ్ అవుతోంది" అంటే వాళ్లకి ఏమీ తెలియదు. "2వ నంబరు, 3వ నంబరు మ్యాగజైన్లలో, 124 గ్రెయిన్‌తో, ఖాళీ కేస్ ఛాంబర్‌లోనే ఉండిపోతోంది" అంటే ఏ భాగం చూడాలో తెలుస్తుంది. మరమ్మతుకి యజమాని నేరుగా తయారీదారుకి పంపవచ్చు, వాళ్లు నేరుగా ఇంటికే తిరిగి పంపవచ్చు. ఫెడరల్ చట్టం ప్రకారం మధ్యలో డీలర్ అక్కర్లేదు. మ్యాగజైన్లు కూడా పెట్టెలో పెట్టి పంపండి, తూటాలు మాత్రం వద్దు. తిరిగి వచ్చాక మళ్లీ 200 రౌండ్లు, అందులో 100 వెంట పెట్టుకునే రకంతో.