సిలిండర్ హెడ్‌లో విరిగిపోయిన ఎగ్జాస్ట్ స్టడ్‌ను తీయడం

ఇంజన్ పొగను బయటకు తీసుకెళ్లే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను సిలిండర్ హెడ్‌కు (ఇంజన్ పైభాగానికి) పట్టి ఉంచే స్టడ్‌లు, అంటే రెండు చివరలా మరలున్న తల లేని బోల్టులు, ఇంజన్ నడిచిన ప్రతిసారీ బాగా వేడెక్కి, ఆపిన ప్రతిసారీ చల్లారుతూ ఉంటాయి. కొన్నేళ్లకు వాటి మరలు తుప్పు వల్ల అల్యూమినియం హెడ్‌లో బిగుసుకుపోతాయి, మానిఫోల్డ్ విప్పబోతే నట్టుతోపాటు స్టడ్ కూడా తెగి చేతికి వస్తుంది. కార్లలో ఎక్కువగా కనిపించే 8 మిల్లీమీటర్ల మందం, 1.25 పిచ్ (మర నుంచి మరకు మిల్లీమీటర్లలో దూరం) గల స్టడ్‌కే ఇక్కడి కొలతలు వర్తిస్తాయి; మీ బండిలో సైజు వేరైతే సర్వీస్ మాన్యువల్ చూసుకోవాలి.

పనిముట్టు చేతపట్టే ముందు స్టడ్ ఏ సందర్భంలో విరిగిందో ఆలోచించండి. బిగించేటప్పుడు ఎక్కువ బలం పడి విరిగితే, లోపలి ముక్క మీద ఒత్తిడి పోయినట్లే కనుక అది సాధారణంగా వదులుగానే ఉంటుంది. దాన్ని చిన్న ఉలి మొనతో అపసవ్యంగా తట్టినా కొన్నిసార్లు తిరుగుతుంది. విప్పేటప్పుడు విరిగితే సంగతి వేరు. స్టడ్ తెగిపోయేంత బలానికి కదలని ముక్క, దాని మధ్యలో రంధ్రం చేసి దూర్చి, ఎదురు దిశలో తిప్పే సన్నని ఎక్స్‌ట్రాక్టర్‌కు లొంగుతుందనుకోవడం భ్రమ. పైగా ఎక్స్‌ట్రాక్టర్ గట్టి ఉక్కు కావడంతో, అది లోపల విరిగితే మామూలు డ్రిల్ బిట్ దాన్ని కొరకలేదు. అప్పుడు హెడ్ మొత్తం విప్పి, విద్యుత్ నిప్పురవ్వలతో లోహాన్ని కొరికే స్పార్క్ ఎరోజన్ యంత్రం ఉన్న టూల్ రూముకు పంపవలసి వస్తుంది. హైదరాబాదులోని బాలానగర్ వంటి చోట్ల ఆ సౌకర్యం దొరుకుతుంది గానీ, హెడ్ విప్పే కూలి, కొత్త గ్యాస్కెట్ (అతుకు దగ్గర లీకు ఆపే పొర) ఖర్చు అదనం. అందుకే ఎక్స్‌ట్రాక్టర్‌ను చివరి ప్రయత్నాల్లో కూడా నేను లెక్కించను.

ముక్క కొంచెం బయటకు పొడుచుకుని ఉంటే అదృష్టమే. వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి నాననివ్వాలి. మరలు మిగిలి ఉంటే రెండు నట్లు ఎక్కించి, ఒకదానికొకటి ఎదురుగా బిగించి, లోపలి నట్టుకు పానా వేసి విప్పాలి. ఒకే ఊపున తిప్పకుండా కాస్త విప్పి, కాస్త బిగించి, మళ్లీ విప్పుతూ పోతే మరల మధ్య తుప్పు పొడి రాలుతుంది. వేడి చేయదలిస్తే ముందు నూనె పూర్తిగా తుడిచి, పెట్రోలు గొట్టాలు దగ్గర లేవని చూసుకుని, స్టడ్ చుట్టూ ఉన్న హెడ్ భాగాన్ని వేడి చేయాలి. అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కనుక రంధ్రం సడలుతుంది. అయితే అల్యూమినియం కరిగే ముందు ఉక్కులా ఎర్రబడి హెచ్చరించదు. మంటను ఒకేచోట నిలపకూడదు.

ముక్క హెడ్‌తో సమంగా గానీ, కొంచెం లోపలికి గానీ తెగిపోతే వెల్డింగే నమ్మదగిన దారి. బ్యాటరీ తీగలు తీసేసి, జింక్ పూత లేని నట్టును ముక్క మీద ఆనించి, దాని రంధ్రంలోంచి తీగను కరిగించి అతికే మిగ్ వెల్డింగ్‌తో ముక్కకు అతికించాలి. ఉక్కు వెల్డు అల్యూమినియానికి అంటుకోదు. ఆ వేడికి ఉబ్బిన స్టడ్ చల్లారేటప్పుడు కుంచించుకుని తుప్పు పట్టును వదిలించుకుంటుంది కనుక, ఎరుపు పోయి ఇంకా వేడిగా ఉన్నప్పుడే పానాతో మెల్లగా కదపాలి. మొదటి నట్టు ఊడి వస్తే ఇంకొకటి అతికించండి. మూడు నాలుగు నట్లు పోవడం ఈ పనిలో మామూలే.

వెల్డింగ్ కుదరకపోతే డ్రిల్ చేయాలి. ఎగ్జాస్ట్ రంధ్రాల్లో గుడ్డలు కుక్కి, ముక్క తలను ఫైలుతో చదును చేసి, సరిగ్గా మధ్యలో సెంటర్ పంచ్ (మొనదేలిన ఉక్కు కడ్డీ)తో చిన్న గుంట కొట్టాలి. పని బాగుపడేదీ చెడేదీ ఇక్కడే, ఎందుకంటే బిట్ పక్కకు జారితే గట్టి ఉక్కును వదిలి మెత్తని అల్యూమినియాన్ని తినేస్తుంది. మానిఫోల్డ్‌ను మిగతా స్టడ్‌లకు బిగించి, దాని రంధ్రంలో సరిపోయే ఉక్కు బుష్ (చిన్న గొట్టం) పెడితే బిట్ నిటారుగా దిగుతుంది. ఆ బుష్‌ను ఏ లేత్ షాపులోనైనా చేసిస్తారు. 3 మిల్లీమీటర్ల బిట్‌తో మొదలుపెట్టి, నూనె వేస్తూ, తక్కువ వేగంతో 5, ఆపై 6.5కు వెళ్లాలి. ఎడమవైపు తిరిగే బిట్‌లు దొరికితే అవే వాడండి. డ్రిల్ చేస్తుండగానే ముక్క దానంతటదే వెనక్కి తిరిగి రావచ్చు. చివరకు మిగిలిన పలుచని గోడను సన్నని ఉలితో లోపలికి వంచి, మరల్లోంచి ఏరివేయాలి.

రంధ్రంలోకి 8 మిల్లీమీటర్ల ట్యాప్‌ను (మరలు కోసే పనిముట్టును) చేత్తో దించి మరలు శుభ్రం చేసి, లోహపు పొడిని గాలితో ఊదాలి, కళ్లద్దాలు తప్పనిసరి. మరలు పాడైతే 8.3 మిల్లీమీటర్లకు రంధ్రం పెంచి, దానికి తగిన ట్యాప్ వేసి హెలికాయిల్ (కొత్త మరలనిచ్చే తీగ చుట్ట) ఎక్కించాలి. కొన్ని హెడ్‌లలో స్టడ్ రంధ్రం నీటి గదిలోకి తెరుచుకుంటుంది, అక్కడ స్టడ్ మరలకు సీలెంట్ రాయకపోతే కూలెంట్ కారుతుంది. కొత్త స్టడ్‌ను హెడ్‌లోకి చేతి బిగువుతో దించి, నట్టు వైపు మరలకు వేడిని తట్టుకునే యాంటీ సీజ్ (మరలు బిగుసుకుపోకుండా చేసే పేస్టు) పూయండి. ఆ పూత వల్ల రాపిడి తగ్గి అదే టార్క్‌కు (తిప్పే బలానికి) ఎక్కువ బిగువు వస్తుంది కనుక, పొడి మరలకు చెప్పిన టార్క్‌ను అలాగే వాడకూడదు. నట్లను మధ్య నుంచి అంచులకు విడతలుగా బిగించి, ఇంజన్ స్టార్ట్ చేసి గ్యాస్కెట్ దగ్గర టిక్కుటిక్కుమనే శబ్దం వినిపిస్తోందేమో చూడండి; వినిపిస్తే పొగ అక్కడ లీకవుతున్నట్లే.