డీబీవర్‌లో ఎస్ఎస్‌హెచ్ కీతో డేటాబేస్‌కి కనెక్ట్ అవ్వడం ఎలా?

ఇంటి నుంచి డీబీవర్ లాంటి డేటాబేస్ టూల్‌తో డేటాబేస్ చూసుకోవాలని సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ పోర్ట్ 5432ని ఇంటర్నెట్ మొత్తానికి ఓపెన్ చేసేస్తుంటారు చాలామంది, దయచేసి అలా చెయ్యకండి. సర్వర్‌లోకి సురక్షితంగా లాగిన్ అవ్వడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ పోర్ట్ 22 ఒక్కటి తెరిచి ఉంటే చాలు, మిగతాది ఎస్ఎస్‌హెచ్ టన్నెల్, అంటే ఆ లాగిన్ లోపల నుంచే డేటాబేస్‌కి వెళ్ళే దారి, చూసుకుంటుంది.

ముందు మీ ల్యాప్‌టాప్‌లోనే టెర్మినల్ తెరిచి కీ తయారుచేసే ఎస్ఎస్‌హెచ్-కీజెన్ కమాండ్ రన్ చెయ్యండి, కీ టైప్ ఈడీ25519 ఇవ్వండి. పాస్‌ఫ్రేజ్ (కీకి పెట్టే పాస్‌వర్డ్) అడిగినప్పుడు ఖాళీగా ఎంటర్ కొట్టేయొద్దు, రేపు ల్యాప్‌టాప్ ఎవరి చేతిలోనైనా పడితే ఆ కీకి అడ్డుగా ఉండేది అదొక్కటే. రెండు ఫైళ్ళు వస్తాయి, పేరు చివర డాట్ పబ్ ఉన్నది పబ్లిక్ కీ, సర్వర్‌కి వెళ్ళాల్సింది అదే. రెండో ఫైలైన ప్రైవేట్ కీ మాత్రం వాట్సాప్‌లో గానీ మెయిల్‌లో గానీ ఎవరికీ పంపకండి, టీమ్‌లో ఎంతమంది ఉంటే అంతమందికీ ఎవరి కీ వాళ్ళకుండాలి.

పబ్లిక్ కీలో ఉన్న లైన్‌ని సర్వర్‌లో మీ యూజర్ హోమ్‌లోని డాట్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌లో పేస్ట్ చెయ్యండి. ఫోల్డర్‌కి 700, ఫైల్‌కి 600 పర్మిషన్ పెట్టండి, వేరేవాళ్ళు రాయగలిగేలా వదిలేస్తే సర్వర్ ఆ ఫైల్‌ని అసలు పట్టించుకోదు, కారణం కూడా మీకు చెప్పదు. డీబీవర్ జోలికి వెళ్ళకముందే టెర్మినల్ నుంచి ఒకసారి లాగిన్ అయి చూసుకోండి.

ఇప్పుడు డీబీవర్‌లో కనెక్షన్ సెట్టింగ్స్‌లో ఎస్ఎస్‌హెచ్ ట్యాబ్‌కి వెళ్ళి టన్నెల్ ఆన్ చెయ్యండి. సర్వర్ అడ్రస్, పోర్ట్ 22, లైనక్స్ యూజర్ పేరు ఇచ్చి, ఆథెంటికేషన్ మెథడ్‌లో పబ్లిక్ కీ ఎంచుకుని, కింద ఫైల్ దగ్గర ప్రైవేట్ కీని చూపించి, పాస్‌ఫ్రేజ్ ఇచ్చి టన్నెల్ టెస్ట్ చెయ్యండి.

చాలామంది ఇరుక్కునేది దీని తర్వాతే. మెయిన్ ట్యాబ్‌లో హోస్ట్ దగ్గర మళ్ళీ సర్వర్ పబ్లిక్ ఐపీ ఇచ్చేస్తారు. ఆ హోస్ట్‌ని వెతికేది మీ ల్యాప్‌టాప్ కాదు, టన్నెల్ అవతల ఉన్న సర్వర్, కాబట్టి డేటాబేస్ అదే మెషీన్‌లో ఉంటే లోకల్‌హోస్ట్ అనే ఇవ్వాలి, వేరే మెషీన్‌లో ఉంటే ఈ సర్వర్‌కి కనిపించే అడ్రస్ ఇవ్వాలి. డేటాబేస్ యూజర్, పాస్‌వర్డ్ ఎప్పట్లాగే విడిగా ఇవ్వాలి, కీ పనిచేసేది టన్నెల్ వరకే. టన్నెల్ టెస్ట్ పాసై కనెక్షన్ ఫెయిలైతే కీని అనుమానించకండి, ఈ వివరాలే మళ్ళీ చూడండి.

అంతా పనిచేశాక సర్వర్ ఎస్ఎస్‌హెచ్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయండి, కానీ అప్పటికే తెరిచున్న సెషన్‌ని మూసేయకుండా ఇంకో విండోలో కీతో లాగిన్ అవుతోందో లేదో చూసుకున్నాకే మొదటిది మూయండి.