పాత సేకరణల జాబితాను శుభ్రం చేసి డేటాబేసులోకి ఎక్కించడం ఎలా

పాత పత్రికలు, తాళపత్రాలు, దస్తావేజులు ఉన్న గ్రంథాలయాల్లో జాబితా సాధారణంగా ఒక ఎక్సెల్ ఫైలుగా ఉంటుంది. ఏళ్ల తరబడి చాలామంది చేతులు మారి ఉంటుంది కాబట్టి ఒకే రచయిత పేరు అయిదు రకాలుగా కనిపిస్తుంది. తేదీ కాలమ్‌లో కొన్ని గడులు ఇంగ్లిషు తేదీలు, కొన్ని 'క్రోధన', కొన్ని 'ఫసలీ 1335' అంటాయి. ఆ ఫైలును అలాగే డేటాబేసులోకి ఎక్కిస్తే తప్పులు కూడా ఎక్కుతాయి, అక్కడ దిద్దడం పది రెట్లు కష్టం. అందుకే శుభ్రం చేసే పని ఎక్కించడానికి ముందే జరగాలి. అందుకు ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. అది బ్రౌజరులో 127.0.0.1:3333 చిరునామాలో తెరుచుకున్నా మీ కంప్యూటరులోనే నడుస్తుంది.

పని మొదలుపెట్టే ముందే ఒక నియమం పెట్టుకోవాలి. మూలం మీద ఉన్న మాటను ఎప్పుడూ దిద్దకండి. పత్రిక అట్ట మీదో, తాళపత్రం చివర లేఖకుడు రాసే గద్యలోనో ఉన్నది ఉన్నట్టు ఒక కాలమ్‌లో ఉండాలి, సరిచేసిన రూపం పక్క కాలమ్‌లో రావాలి. రేపు మీ సవరణ తప్పని తేలితే వెనక్కి వెళ్లడానికి ఉన్న దారి ఆ మొదటి కాలమ్ ఒక్కటే.

ఎక్సెల్ నుంచి బయటపడటం

అసలు ఫైలుకు నకలు తీసి, పేరులో తేదీ చేర్చి, రీడ్ ఓన్లీ చేసి పక్కన పెట్టండి. నకలులో మొట్టమొదటి కాలమ్‌గా 1 నుంచి చివరిదాకా వరుస సంఖ్య వేయండి. ఎవరో ఎప్పుడో ఒక్క కాలమ్‌నే సార్ట్ చేస్తే వరుసలన్నీ తారుమారవుతాయి. ఆ సంఖ్య ఉంటే నకలును అసలుతో పోల్చి ఎక్కడ చెడిందో పట్టుకోవచ్చు.

తర్వాత ఎక్సెల్ తనంతట తాను మార్చేసినవి వెతకాలి. సంపుటి-సంచిక కాలమ్‌లో '3-4' అని కొడితే అది ఏప్రిల్ 3గానో మార్చి 4గానో మారిపోతుంది. ప్రవేశ సంఖ్య (పుస్తకం చేరినప్పుడు ఇచ్చే సంఖ్య) '00457' కాస్తా 457 అవుతుంది. తేదీల సంగతి మరీ చికాకు. ఎక్సెల్ 1900కు ముందు తేదీలను తేదీలుగా గుర్తించదు, కాబట్టి 1898 నాటి సంచిక మామూలు అక్షరాలుగా, 1908 నాటిది తేదీగా ఒకే కాలమ్‌లో కూర్చుంటాయి. సార్ట్ చేస్తే రెండూ వేర్వేరు గుంపులవుతాయి. ఇలా మారిన గడులను పుస్తకం చూసి దిద్దడమే తప్ప సూత్రంతో వెనక్కి తేలేం. '03-ఏప్రిల్' అని కనిపించేది నిజంగా ఏప్రిల్ 3వ తేదీయో, 3వ సంపుటి 4వ సంచికో ఫైలుకు తెలియదు.

సేవ్ చేసేటప్పుడు, గడులను కామాలతో విడదీసి రాసే ఫైలు రకమైన మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అని విడిగా ఉన్నదాన్నే ఎంచుకోండి. ఓపెన్‌రిఫైన్‌లో ఫైలు తెరిచేటప్పుడు కూడా క్యారెక్టర్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉందో లేదో చూడండి. గడుల్లోని అంకెలను సంఖ్యలుగా మార్చే టిక్కు పెట్టి ఉంటే తీసేయండి. అది ఉంటే ప్రవేశ సంఖ్యల ముందు సున్నలు ఇక్కడ కూడా పోతాయి.

అక్షరాల స్థాయిలో శుభ్రం

ముందు ఖాళీల పని: ప్రతి కాలమ్‌కూ ఎడిట్ సెల్స్, కామన్ ట్రాన్స్‌ఫామ్స్‌లోకి వెళ్లి మొదట్లో, చివర్లో ఉన్న ఖాళీలను ట్రిమ్ చేయండి, మధ్యలో వరసగా పడ్డ ఖాళీలను ఒకటిగా కుదించండి. ఇది నిమిషం పని, కానీ దీన్ని వదిలేస్తే డూప్లికేట్లు దొరకవు. సాఫ్ట్‌వేర్ దృష్టిలో చివర ఒక ఖాళీ ఉన్న '1207', లేని '1207' రెండు వేర్వేరు సంఖ్యలు.

తర్వాత కస్టమైజ్డ్ ఫేసెట్స్‌లో యూనికోడ్ క్యారెక్టర్ కోడ్ ఫేసెట్ తెరవండి. గడుల్లోని అక్షరాల కోడులు ఏ ఏ సంఖ్యల దగ్గర పోగయ్యాయో అది చూపిస్తుంది. తెలుగు అక్షరాలు 3072 నుంచి 3199 వరకు ఉంటాయి. ఈ పరిధికి బయట ఏది కనిపించినా ఆగి చూడాలి. తెలుగు శీర్షికల కాలమ్‌లో 256 లోపు కోడులే కుప్పగా ఉన్న వరుసలు యూనికోడ్‌కు ముందు వాడిన అను ఫాంట్ల కాలం నాటివి కావచ్చు. ఫాంటు లేకపోతే అవి ఇంగ్లిషు అక్షరాల గందరగోళంగా కనిపిస్తాయి. వాటిని విడిగా బయటికి తీసి, యూనికోడ్‌లోకి మార్చి, కొత్త కాలమ్‌లో పెట్టండి. ఒకే గడిలో అను తెలుగు, అసలైన ఇంగ్లిషు కలిసి ఉంటే కన్వర్టర్ ఇంగ్లిషును కూడా తెలుగు ముక్కలుగా చేసేస్తుంది. 'ఎం.ఏ.' లాంటి డిగ్రీలు, ప్రచురణకర్తల ఇంగ్లిషు పేర్లు ఇలా పాడవుతాయి. ఆ గడులను కంటితో చూడాల్సిందే.

కోడు 8204 కనిపిస్తే అది కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్. 'జర్నల్‌కు' లాంటి చోట పొల్లు విడిగా నిలబడేది దానివల్లే కాబట్టి శీర్షికలోంచి తీసేయకండి. పేర్లు పోల్చడానికి చేసుకునే నకలు కాలమ్‌లో మాత్రం పూర్తిగా తొలగించండి.

ఎక్కువగా తప్పించుకునేది సున్న. 'గ్రంథం' అన్న మాటలో ఉండాల్సింది అనుస్వారం, కోడు 3074. కొందరు దాని బదులు తెలుగు అంకె సున్న కొడతారు, కోడు 3174. తెర మీద రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. కానీ 'గ్ర౦థ౦' అని కొట్టిన పుస్తకం 'గ్రంథం' అని వెతికితే రాదు. ఎడిట్ సెల్స్ కింద రీప్లేస్‌తో మార్చవచ్చు. అయితే మొత్తం కాలమ్ మీద ఒకేసారి నొక్కితే '౧౯౦౮' అని తెలుగు అంకెల్లో ఉన్న సంవత్సరం మధ్యలో అనుస్వారం వచ్చి కూర్చుంటుంది. కాబట్టి ముందు టెక్స్ట్ ఫిల్టరుతో ౧ నుంచి ౯ వరకు అంకెలున్న గడులను పక్కకు తప్పించి, మిగిలినవాటి మీదే నడపండి. తప్పించినవాటిని ఒక్కొక్కటిగా చూడండి. విసర్గ బదులు కోలన్, అనుస్వారం బదులు ఇంగ్లిషు 'ఓ' అక్షరం కొట్టిన గడులూ ఈ ఫేసెట్‌లోనే బయటపడతాయి.

పేర్లు కలపడం

రచయిత కాలమ్‌కు నకలు తీసి, టెక్స్ట్ ఫేసెట్ తెరిచి, దగ్గరి రూపాలను గుంపులుగా చూపే క్లస్టర్ నొక్కండి. ఫింగర్‌ప్రింట్ పద్ధతి మాటల క్రమాన్ని, చుక్కలను, కామాలను పట్టించుకోదు. అందుకే 'అప్పారావు, గురజాడ' అన్నదీ 'గురజాడ అప్పారావు' అన్నదీ ఒక గుంపులో పడతాయి. 'నాగేశ్వర రావు', 'నాగేశ్వరరావు' లాంటి ఖాళీల తేడాలకు ఎన్-గ్రామ్ ఫింగర్‌ప్రింట్ వాడండి. మెటాఫోన్ లాంటి ఉచ్చారణ పద్ధతులు రోమన్ లిపి కోసం చేసినవి, తెలుగుకు వాటితో పనిలేదు.

'విశ్వనాథ', 'విశ్వనాధ' లాంటి ఒత్తుల తేడాలకు నియరెస్ట్ నైబర్ కింద లెవెన్‌స్టైన్ ఎంచుకుని, రేడియస్ (అనుమతించే తేడా) 1 పెట్టండి. బ్లాక్ క్యారెక్టర్లు (పోల్చే రెండు పేర్లలోనూ ఉమ్మడిగా ఉండాల్సిన వరుస అక్షరాలు) మొదట 6 ఉంటాయి. తెలుగు పేర్లకు 3కు తగ్గిస్తే చాలా కొత్త జతలు బయటపడతాయి, పెద్ద ఫైలైతే కాస్త ఆలస్యమవుతుంది. వచ్చిన గుంపులన్నిటికీ ఒకేసారి టిక్కు పెట్టడం ఈ పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు. 'శ్రీపాద' ఇంటిపేరుతో కృష్ణమూర్తి శాస్త్రి వేరు, సుబ్రహ్మణ్య శాస్త్రి వేరు. జాబితాలో ఉత్త 'శ్రీపాద శాస్త్రి' అని ఉంటే పుస్తకం తెరిచి చూడకుండా ఎవరికీ కట్టబెట్టకండి.

ఇంటిపేరు విషయంలో ఇంకో సంగతి. చాలా సాఫ్ట్‌వేర్లు పేరులో చివరి మాటను ఇంటిపేరనుకుని ముందుకు తెస్తాయి. మన పేర్లలో ఇంటిపేరు ముందే ఉంది. ఆ అమరిక ఆపకపోతే 'శాస్త్రి', 'రావు', 'పంతులు' కింద వందల మంది పోగవుతారు.

తేదీలు

అసలు శ్రమ ఇక్కడే. మూడు కాలమ్‌లు చేయండి: మూలంలో ఉన్న తేదీ, మొదలు సంవత్సరం, చివరి సంవత్సరం. తెలుగు సంవత్సరం ఉగాదికి మొదలై మరుసటి ఉగాది దాకా సాగుతుంది కనుక ఒక్క పేరుకు రెండు ఇంగ్లిషు సంవత్సరాలు తగులుతాయి. రుధిరోద్గారి అంటే 1923-24. 'భారతి' మాసపత్రిక 1924 జనవరిలో మొదలైంది, అది రుధిరోద్గారిలోనిదే. సంవత్సరం పేరు చూసి 1923 అని ఒక్కటే వేస్తే ఆ సంచిక పుట్టకముందే పుట్టినట్టవుతుంది.

అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. ప్రభవ 1867-68, 1927-28, 1987-88. ఏ ఆవృత్తమో తేల్చడానికి కాగితం, ముద్రాపకుడి పేరు, రచయిత కాలం చూడాలి. తేలకపోతే మొదలు, చివర గడులు ఖాళీగా వదిలి, ఎందుకు వదిలారో గమనికలో రాయండి.

శాలివాహన శకానికి 78 కలిపితే ఉగాది నుంచి డిసెంబరు దాకా, 79 కలిపితే జనవరి నుంచి మరుసటి ఉగాది దాకా ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. శకం, సంవత్సరం పేరు రెండూ ఉన్న తాళపత్రాలకు చక్కటి తనిఖీ ఉంది. శక సంఖ్యకు 12 కలిపి 60తో భాగించండి, శేషమే ప్రభవ నుంచి లెక్కించిన వరుస సంఖ్య, శేషం సున్న అయితే అది 60వదైన అక్షయ. శకం 1780 తీసుకుంటే 1792, శేషం 52, అంటే కాళయుక్తి, 1858-59. గద్యలో కాళయుక్తి కాక దాని పక్క పేరు ఉంటే లేఖకుడు శకాన్ని వేరే పద్ధతిలో లెక్కపెట్టి ఉండవచ్చు. చాలా దూరంగా ఉంటే జాబితా రాసినవారు అంకె తప్పు చదివి ఉంటారు.

నిజాం పాలనలోని దస్త్రాల్లో, మద్రాసు రెవెన్యూ కాగితాల్లో ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరం కనిపిస్తుంది. రెండిటికీ 590 కలపాలి. కానీ హైదరాబాదులో ఫసలీ అక్టోబరులో, మద్రాసులో జూలైలో మొదలవుతుంది. ఫసలీ 1335 అంటే 1925-26. నెల కూడా రాసి ఉంటే ఏ వైపు దస్త్రమో చూసుకునే సంవత్సరం వేయండి.

ఈ కాలమ్ మీద నియరెస్ట్ నైబర్ క్లస్టర్ నడపకండి. క్రోధి, క్రోధన ఒక్క కోడు తేడాలో ఉంటాయి. క్రోధి 1904-05, క్రోధన 1925-26. రెండిటినీ కలిపేస్తే 21 ఏళ్లు మాయమవుతాయి. శుభకృతు, శోభకృతు కూడా ఇంతే, అవి వరుస సంవత్సరాలు కావడంతో తప్పు ఎవరి కంటికీ ఆనదు. ప్రమాది, ప్రమాదీచలకు 34 ఏళ్ల దూరం. అరవై పేర్లతో విడిగా ఒక పట్టిక తయారు చేసుకుని, అచ్చుగుద్దినట్టు సరిపోయినవాటికే సంవత్సరాలు వేయండి.

ఊళ్ల పేర్లకు ఇంత కష్టం లేదు. ఊరి పేరు ఒకే రూపంలోకి తెచ్చి, జిల్లాను వేరే కాలమ్‌లో పెడితే చాలు. వేటపాలెం ఒకప్పుడు గుంటూరు జిల్లా, 1970 తర్వాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. పుస్తకం మీద గుంటూరు జిల్లా అని ఉంటే దాన్ని దిద్దే హక్కు మనకు లేదు.

ఎక్కించడం

ఆర్కైవ్స్‌కు వాడే ఉచిత డేటాబేసుల్లో ఒకటి యాక్సెస్ టు మెమరీ, వాడుకలో ఆటమ్. అది ఆర్కైవ్స్ వర్ణనకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐసాడ్-జీని అనుసరిస్తుంది. ఆ ప్రమాణంలోని 26 అంశాల్లో ఆరు తప్పనిసరి అనుకోండి: రిఫరెన్స్ కోడు, శీర్షిక, సృష్టికర్త, తేదీ, పరిమాణం, వర్ణన స్థాయి (సంపుటా, సంచికా అన్నది). ఎక్కించే ముందు ఈ ఆరింటిలో ఖాళీ గడులను ఫేసెట్ బై బ్లాంక్‌తో పట్టుకోండి. పరిమాణంలో ఆకులను పుటలుగా మార్చకండి. 120 ఆకులు రెండు వైపులా రాసి ఉంటే 240 పుటలు, కానీ అన్ని ఆకులకూ రెండు వైపులా రాత ఉంటుందని లేదు.

ఆటమ్ ఇచ్చే నమూనా సీఎస్‌వీలోని కాలమ్ పేర్లను మార్చకుండా వాడండి. ప్రతి వరుసకూ లెగసీ ఐడీగా మీరు మొదట్లో వేసిన వరుస సంఖ్యనే ఇవ్వవచ్చు. సంపుటి కింద సంచికలు ఉంటే సంపుటి వరుస ముందు రావాలి, దాని సంఖ్య సంచికల పేరెంట్ ఐడీలో ఉండాలి. క్రమం తప్పితే సంచికలు తమ సంపుటి కింద చేరవు. కల్చర్ కాలమ్‌లో తెలుగుకు టీ, ఈ అనే రెండు చిన్న ఇంగ్లిషు అక్షరాలు పెట్టాలి. ఒక గడిలో ఇద్దరు రచయితలుంటే మధ్య నిలువు గీత పెట్టాలి, కామా కాదు. చూపించే తేదీలో 'రుధిరోద్గారి' అని మూలంలోని మాటే పెట్టి, మొదలు తేదీలో 1923, చివరి తేదీలో 1924 వేయండి.

ఈ ఫైలును మళ్లీ ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయకండి, పైన చెప్పిన జబ్బులన్నీ తిరిగొస్తాయి. చూడాలంటే లిబ్రేఆఫీస్ కాల్క్‌లో యూటీఎఫ్-8 ఎంచుకుని, కాలమ్‌లన్నిటినీ టెక్స్ట్‌గా పెట్టి తెరవండి. మొదట ఇరవై వరుసలే ఎక్కించండి. వాటిలో ఒక సంపుటి, దాని సంచికలు, ఇద్దరు రచయితల పుస్తకం, తెలుగు సంవత్సరం ఉన్న తాళపత్రం తప్పక ఉండాలి. ఎక్కిన దిగుమతిని ఒక్క నొక్కుతో వెనక్కి తీసుకునే వీలు ఆటమ్‌లో లేదు. పై స్థాయి రికార్డును తొలగిస్తే దాని కిందివన్నీ పోతాయి కాబట్టి, ప్రయోగాన్ని వేరే టెస్ట్ సైటులో చేయండి, అసలు దానిలో చేసేముందు డేటాబేసు బ్యాకప్ తీయండి. ఓపెన్‌రిఫైన్‌లో అన్‌డూ-రీడూ కింద ఎక్స్‌ట్రాక్ట్ నొక్కి, మీరు చేసిన మార్పుల చరిత్రను ఫైలుగా దాచుకోండి. అదే కాలమ్ పేర్లతో వచ్చే తర్వాతి జాబితాకు ఖాళీల సవరణల వంటివి అప్లై నొక్కితే మళ్లీ జరుగుతాయి. పేర్ల గుంపులు కలిపిన మెట్లను మాత్రం ఆ చరిత్రలోంచి తీసేసి వాడండి.