స్టీరింగ్ నాబ్‌తో తిప్పలు: ఏది ఎందుకు వస్తుంది, ఏం చేయాలి

ట్రాక్టర్ స్టీరింగ్ రిమ్ముకు బిగించే గుండ్రటి పిడిని కొందరు నాబ్ అంటారు. కార్ల సామాన్ల షాపులో పవర్ హ్యాండిల్ అని అడిగితే ఇస్తారు. అమెరికాలో దీనికి సూసైడ్ నాబ్ అనే పేరు కూడా ఉంది. ఆ పేరు ఊరికే రాలేదు. కుడిచేయి హైడ్రాలిక్ లివర్ మీద ఉండగా ఎడమచేత్తో స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పడానికే దీన్ని పెట్టుకుంటాం. ట్రాక్టర్ ముందు బిగించే లోడర్‌కి, డోజర్ బ్లేడుకి, ఫోర్క్‌లిఫ్ట్‌కి ఇది నిజంగా అవసరం. బరువెక్కిన స్టీరింగ్‌కి మందుగా పెట్టుకుంటే మాత్రం జబ్బు లోపలే ఉండిపోతుంది.

గట్టు ఎక్కగానే నాబ్ వచ్చి చేతిని కొడుతోంది

ముందు మీది పవర్ స్టీరింగో కాదో చూసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకు ఇది తెలియకపోవడం వింతేమీ కాదు. ఇంజిన్ ఆపి ఒకసారి, స్టార్ట్ చేసి ఒకసారి స్టీరింగ్ తిప్పండి. రెండుసార్లూ ఒకే బరువుంటే మాన్యువల్. స్టార్ట్ చేశాక తేలికైతే పవర్ స్టీరింగ్.

మాన్యువల్ స్టీరింగ్‌లో ముందు చక్రానికీ మీ చేతికీ మధ్య ఉన్నదంతా ఇనుమే. చక్రం రాయికో గట్టుకో పక్కగా తగిలి మళ్లితే, ఆ విసురు గేర్ బాక్సు గుండా రిమ్ముకు వచ్చేస్తుంది. నాబ్ లేకపోతే రిమ్ము చేతిలోంచి జారిపోతుంది, అంతే. నాబ్ ఉంటే అది గుండులా తిరిగి వస్తుంది.

నాకు తగిలిన దెబ్బ చెబుతాను. దమ్ము చేసి, కేజీ వీల్స్‌తోనే (బురదలో దిగడానికి వేసే ఇనుప చక్రాలు) ట్రాక్టర్‌ని పక్క మడిలోకి గట్టు దాటిస్తున్నాను. ముందు చక్రం ఏటవాలుగా ఎక్కింది. స్టీరింగ్ సర్రున తిరిగింది, నాబ్ బొటనవేలి గోరు మీద పడింది. ఎడమచేయి కాబట్టి అన్నం కలుపుకోవడానికి ఇబ్బంది లేకపోయింది కానీ, వారం రోజులు లుంగీ కట్టుకోవడం గండమైంది.

మాన్యువల్ స్టీరింగ్‌కి నాబ్ పెట్టకండి. ఉంటే ఇవాళే విప్పేయండి. బొటనవేళ్లు రిమ్ము లోపలికి చుట్టకుండా పైనే ఆనించి పట్టుకోండి. గట్టును వేగం తగ్గించి, ఏటవాలుగా కాకుండా వీలైనంత నేరుగా దాటండి.

నాబ్ పెట్టినా స్టీరింగ్ బరువుగానే ఉంది

ఉంటుంది. నాబ్ పట్టు ఇస్తుంది కానీ బరువు తగ్గించదు. ఖర్చు లేనివాటి నుంచి మొదలుపెట్టి ఇలా చూసుకుంటూ వెళ్లండి.

మొదట ముందు టైర్లలో గాలి. బండితో వచ్చిన పుస్తకంలో చెప్పినంత ఉందో లేదో గేజీ పెట్టి చూడండి, కాలితో తన్ని కాదు. తర్వాత గ్రీజు. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు ఇరుసును జాకీతో లేపి, కింగ్ పిన్ (ముందు చక్రం పక్కలకు మళ్లే నిలువు పిన్ను) నిపిల్‌కి గ్రీజు గన్ పెట్టండి. పాత గ్రీజు నల్లగా బయటికి వచ్చేదాకా కొట్టాలి. ఎంత కొట్టినా ఏమీ రాకపోతే నిపిల్ మూసుకుపోయిందన్నమాట. ఐదారు పంటలుగా అందులోకి గ్రీజు పోనట్టే! నిపిల్ మార్చండి, పైసల ఖర్చు.

పవర్ స్టీరింగ్ అయితే ఆయిల్ మట్టం చూడండి. ఆయిల్ నురగగా ఉంటే గాలి చేరింది. లీకు ఎక్కడో కనిపెట్టి ఆపి, ఆయిల్ నింపి, ఇంజిన్ నడుస్తుండగా స్టీరింగ్‌ని రెండువైపులా నాలుగైదుసార్లు నిదానంగా చివరిదాకా తిప్పండి. చివర్లో నొక్కి పట్టుకోవద్దు. అక్కడ వచ్చే కీచు శబ్దం, ఒత్తిడి మించితే ఆయిల్‌ని వదిలే రిలీఫ్ వాల్వ్‌ది, ఆయిల్ వేడెక్కిపోతుంది. నాబ్ అలవాటైన చేతికి ఇలా నొక్కిపట్టే జబ్బు ఎక్కువ. బండి నిలబెట్టి చక్రాలు తిప్పడం కూడా మానండి, కొంచెం కదులుతుండగా తిప్పితే సగం బరువు పోయినట్టుంటుంది.

నాబ్ రిమ్ము మీద జారుతోంది

స్టీరింగ్ కవర్ మీదే బిగించి ఉంటారు. కవర్ తీసి, రిమ్ముకు పట్టిన చెమట, గ్రీజు సబ్బునీళ్లతో కడిగి ఆరనివ్వండి. పట్టీ వదులైతే లోపల పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి. రెండు బోల్టులనూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకేదాన్ని లాగి బిగిస్తే ప్లాస్టిక్ రిమ్ము పగులుతుంది. పగిలిన రిమ్ముకు మళ్లీ నాబ్ పెట్టొద్దు, రిమ్మే మార్చాలి.

నేరుగా పోతున్నా నాబ్ ఒక్కోసారి ఒక్కోచోట ఉంటోంది

పొద్దున ఎడమవైపు ఉన్న నాబ్ మధ్యాహ్నానికి కిందికి చేరిందని టెన్షన్ పడి ఫోన్లు చేస్తుంటారు. హైడ్రోస్టాటిక్ స్టీరింగ్‌లో రిమ్ముకూ చక్రాలకూ మధ్య రాడ్డు ఉండదు, ఆయిలే ఉంటుంది. లోపల చుక్క చుక్క కారడం వల్ల రిమ్ము స్థానం మారుతూ ఉంటుంది, అది మామూలే. కానీ స్టీరింగ్‌ని చివరిదాకా తిప్పాక కూడా అది ఆగకుండా సులువుగా తిరుగుతూనే ఉంటే సిలిండర్ సీళ్లో, స్టీరింగ్ యూనిటో అరిగాయి. మెకానిక్‌కి చూపించండి.

నాబ్ తిరగట్లేదు, లేదా గలగలమంటోంది

తిరగకపోతే దుమ్ము. విప్పి కిరోసిన్‌తో కడిగి, కొంచెం గ్రీజు రాయండి. గలగలమంటే లోపలి నట్టు వదులైంది. నైలాన్ ఉన్న లాక్ నట్టు వేస్తే మళ్లీ వదలదు.

చొక్కా తగులుకుంటోంది

ఫుల్‌హ్యాండ్స్ చొక్కా మడత, మెడలోని తువ్వాలు కొస నాబ్‌కు చిక్కితే మలుపు మధ్యలో చేయి లాగేస్తుంది. చేతులు పైకి మడవండి, తువ్వాలు తలకు కట్టుకోండి.

కారుకు పెట్టుకోవచ్చా?

ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్ ముందు గట్టి గుండు బిగించడం నాకైతే ఒప్పుకోబుద్ధి కాదు. ప్రమాదంలో ఛాతీకి, ముఖానికి మొదట తగిలేది అదే అవుతుంది. ఒక చేయి పనిచేయని వాళ్లకు ఇది సోకు కాదు, అవసరం. అలాంటప్పుడు వాహన మార్పులు చేసే నిపుణుల దగ్గర, తేలిగ్గా ఊడదీయగల రకం అమర్చించుకుని, ఆర్టీవో ఆఫీసులో అడిగి ఆర్‌సీలో ఎక్కించుకోండి. ఇంట్లో వేరేవాళ్లు ఆ కారు తీసేటప్పుడు నాబ్ ఊడదీసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టేయమనండి.