ఫైల్ మూసేశాక మిగిలిన రిక్వెస్టులను డ్రైవర్‌లో ఎలా సర్దాలి?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో గేటు వేసినంత మాత్రాన పని అయిపోదు. కాంటా మీదున్న బస్తా తూకం పూర్తి కావాలి, వరుసలో ఉన్నవాళ్లకు ఇవాళ కాదని చెప్పాలి. ఆ తర్వాతే తాళం. లినక్స్ డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) రాసేటప్పుడు ఈ సంగతి నాకు తల బొప్పి కట్టాకే తెలిసింది.

హన్మకొండలో రూములో కూర్చుని చిన్న క్యారెక్టర్ డ్రైవర్ (డేటాను బైట్ల వరుసగా అందించే రకం) రాశాను. డేటా వచ్చేదాకా అసింక్ రీడ్‌లను, అంటే ప్రోగ్రామ్ జవాబు కోసం ఆగకుండా పంపేసే రిక్వెస్టులను, ఒక లిస్టులో ఉంచుతుంది. వాటిని రద్దు చేసే కోడంతా రిలీజ్‌లో, అంటే ఫైల్‌ను పూర్తిగా వదిలేటప్పుడు కర్నెల్ (లినక్స్ మూలభాగం) పిలిచే ఫంక్షన్‌లో, పెట్టాను. ప్రోగ్రామ్ ఫైల్ మూసింది, రిలీజ్ మాత్రం రాలేదు. బలవంతంగా చంపే కిల్ మైనస్ 9 కొట్టినా ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) కదల్లేదు, పీఎస్ కమాండ్ జాబితాలో ‘డి’ అని, అంటే లేపలేని నిద్రలో ఉందని, చూపిస్తూనే ఉంది. చివరికి రీబూటే గతి.

తప్పు నాదే. పెండింగ్‌లో ఉన్న ప్రతి అసింక్ రిక్వెస్టూ ఆ ఫైల్ మీద ఒక రిఫరెన్స్ (ఇంకా వాడుకలో ఉందనే లెక్క) పట్టుకుని ఉంటుంది. చివరి రిఫరెన్స్ వదిలితేనే రిలీజ్ వస్తుంది. అంటే రిక్వెస్ట్ రిలీజ్ కోసం, రిలీజ్ రిక్వెస్ట్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాయి. విండోస్‌లో రద్దు చేసే దశ, పూర్తిగా వదిలే దశ విడివిడిగానే ఉంటాయి: చివరి హ్యాండిల్ (ప్రోగ్రామ్ చేతిలోని ఫైల్ పట్టు) మూసినప్పుడు క్లీనప్, రిఫరెన్సులన్నీ పోయాక క్లోజ్.

కాబట్టి లినక్స్‌లో ముందు రద్దు పనిని డ్రైవర్‌లోని ఫ్లష్ అనే ఫంక్షన్‌లోకి తెండి. అది ప్రతి క్లోజ్‌కూ వస్తుంది. ఫోర్క్‌తో (ప్రాసెస్ తన నకలు తీయడం) పుట్టిన పిల్ల ప్రాసెస్ మూసినా వస్తుంది కనుక, రిక్వెస్ట్ పెట్టినప్పుడే ఓనర్ గుర్తు దాచుకుని, ఫ్లష్‌కు అందిన గుర్తుతో సరిపోయినవే తీయండి. ఒకే ప్రాసెస్‌లో అదే ఫైల్‌కు డప్ చేసిన (నకలు తీసిన) ఫైల్ నంబర్లుంటే ఈ గుర్తు సరిపోదు, అది వేరే తలనొప్పి.

అసలు జాగ్రత్త తీసే పద్ధతిలో ఉంది. స్పిన్‌లాక్ (లిస్టును ఒకసారి ఒక్కరే ముట్టేలా చేసే తాళం) పట్టుకోండి, ఇంటరప్ట్ హ్యాండ్లర్ (పరికరం పిలిస్తే నడిచే కోడ్) కూడా ఇదే లిస్టును ముడుతుంది కనుక ఇంటరప్టులు ఆపే రకమే వాడండి. రద్దు చేయాల్సినవాటిని సొంత లిస్టులోకి మార్చి లాక్ వదిలేయండి. తర్వాతే ఒక్కోదాన్ని క్యాన్సెల్ ఎర్రర్‌తో ముగించండి. లాక్ చేతిలో ఉండగా ముగిస్తే, ముగిశాక నడిచే కాల్‌బ్యాక్ ఫంక్షన్ తిరిగి మీ డ్రైవర్‌లోకే వచ్చి అదే లాక్ అడిగే ప్రమాదముంది. నియమం ఒకటే: లిస్టులోంచి ఎవరు తీశారో వాళ్లే ముగించాలి, ఇంకొకరు దాన్ని ముట్టుకోకూడదు. లేదంటే ఒకే రిక్వెస్ట్ రెండుసార్లు ముగిసి, మెమరీ పాడవుతుంది.

హార్డ్‌వేర్ చేతికి వెళ్లిపోయినవి కాంటా మీది బస్తాలు. డీఎంఏ (పరికరమే నేరుగా మెమరీలోకి రాసే పని) ఆపమని చెప్పి, అది నిజంగా ఆగేదాకా బఫర్ (డేటా పడే మెమరీ) వదలొద్దు.

ఇంకా నా ‘డి’ ప్రాసెస్ సంగతి. చనిపోయే ప్రాసెస్‌లో కర్నెల్ ముందు మెమరీని విప్పుతుంది, ఫైళ్లను తర్వాత. లినక్స్ పాత అసింక్ పద్ధతి ఏఐఓతో పెట్టిన రిక్వెస్టులు ముగిసేదాకా ఆ మొదటి దశలోనే ఆగిపోతుంది కాబట్టి ఫ్లష్ వంతు రానే రాదు. అందుకని ప్రతి రిక్వెస్టుకూ క్యాన్సెల్ ఫంక్షన్ కూడా రిజిస్టర్ చేయాలి.

పరీక్షకు కేసాన్ (మెమరీ తప్పులు పట్టే సాధనం) ఆన్ చేసిన కర్నెల్‌ను వర్చువల్ మెషీన్‌లో పెట్టండి. వంద రీడ్‌లు పంపి, డేటా వస్తుండగానే ఓసారి ఫైల్ మూయండి, ఓసారి ప్రాసెస్‌ను చంపండి. కర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో యూజ్ ఆఫ్టర్ ఫ్రీ (వదిలేసిన మెమరీని మళ్లీ వాడటం) కనిపిస్తే మళ్లీ లాక్ దగ్గరికే వెళ్లాలి.